నిద్రమాత్ర బిషప్పు

బిషప్పు ఒక చెంప గీసుకుని, రెండో చెంప నురగతో ఉండగానే పోలీసు అధికారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమని సైగ చేసి, బిషప్పు అద్దంలో చూస్తూ రెండో చెంప కూడా నిదానంగా పూర్తిచేశాడు.

"లాకప్పులో పోయిన మిల్లు కార్మికుణ్ణి మధ్యాహ్నం మీ సమాధుల తోటలో పూడ్చాలండి," అన్నాడు అధికారి. "జ్వరంతో పోయాడు. పేటిక తెరవకూడదు. ప్రార్థన, ప్రసంగం ఏవీ వద్దు. మీ ఫాదర్లలో ఎవరు ముందుకొచ్చినా సాయంత్రానికల్లా సరిహద్దు దాటిస్తాం. పైనుంచి వచ్చిన ఆర్డరు."

"నేనొస్తే?"

అధికారి నవ్వాడు. "మీరు అలాంటి మనిషి కాదు కదండీ!"

బిషప్పుకు కోపం రాలేదు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆయనను ఆ పీఠానికి ఎంపిక చేసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ప్రభుత్వమే. ఎవరి జోలికీ పోని మనిషి. కారే బడి కప్పులకూ, టీచర్ల తగవులకూ, నీళ్ళెక్కని హాస్టలు పంపులకూ ఆయన రోజులు సరిపోయేవి. ప్రసంగం అందుకుంటే ముందు వరుసలో పెద్దల తలలు వాలేవి, వెనక వరుసలో పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగేవారు. ఊరంతా ఆయనను నిద్రమాత్ర అనేది. డాక్టరు చీటీ లేకుండా దొరికే మాత్ర అదొక్కటేనని మందుల షాపతను అన్న మాట చెవిన పడితే, దాన్ని ఆయనే నలుగురికీ చెప్పి నవ్వాడు. కూలి పెంచమని మిల్లు గేటు ముందు కూర్చున్నవాళ్ళను పట్టుకుపోయినప్పుడు మాత్రం మంత్రిని కలవడానికి వెళ్ళాడు. చీకటి పడేదాకా బల్ల మీద కూర్చోబెట్టి పంపేశారు.

అధికారి వెళ్ళగానే వంటింట్లోంచి అక్క వచ్చింది. భర్త పోయినప్పటినుంచీ తమ్ముడి ఇల్లు చూసుకుంటున్నది ఆమే.

"విన్నాన్రా. జ్వరమని పడుకో. నీకు అబద్ధం చేతకాదు, నేను చెప్తాలే."

"ఈ చావులో ఇప్పటికే ఒక దొంగ జ్వరం ఉందక్కా. ఇంకొకటెందుకు?"

"నీ దగ్గర అంతమంది ఫాదర్లున్నారు..."

"ఎవర్ని పంపితే వాడు పోతాడు. నేను వెళ్తే నేను పోతాను. ఇందులో ఆలోచించేదేముంది?"

"నువ్వు పోతే నేనెవరి మీద అరవాలి?"

"కొత్త బిషప్పు వస్తాడుగా."

అక్క చెంగుతో ముక్కు తుడుచుకుని, చొక్కాలు సర్దడానికి లోపలికి వెళ్ళింది.

చర్చి పక్క గదిలో పేటిక దించి ఉంది. చనిపోయినవాడి భార్య దాని మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. "ముఖమైనా చూపించలేదయ్యా," అంది. బిషప్పు స్క్రూడ్రైవరు తెప్పించి, చేతులు పైకి మడుచుకుని మరలు ఊడదీశాడు. కాపలా కానిస్టేబులు ఒకసారి దగ్గి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బిషప్పు గోరువెచ్చని నీళ్ళతో గుడ్డ తడిపి ఒళ్ళు తుడుస్తుంటే ఆమె భర్త తలను ఒడిలో పెట్టుకుంది. మణికట్ల చుట్టూ తాడు ఒరిసిన గీతలు. వీపు తిప్పి చూస్తే నల్లగా కమిలిన చారలు. ఉతికిన చొక్కా తొడిగి, గుండీలు పైదాకా పెట్టారు.

మధ్యాహ్నానికి మిల్లు మిల్లంతా సమాధుల తోటకు వచ్చింది. పోలీసులు గేటు మూయబోయారు గాని, గేటుకన్నా జనమే ఎక్కువయ్యారు. ప్రార్థన అయ్యాక బిషప్పు తలెత్తాడు. అలవాటుకొద్దీ ఒకరిద్దరు చెట్టుకు చేరగిలబడ్డారు.

"ఈయన జ్వరంతో పోయాడని చెప్పారు," అన్నాడాయన. "స్నానం చేయించింది నేను. ఈ కళ్ళతో చూశాను. కొట్టి చంపారు. ఎవరడిగినా ఇదే చెప్తాను. మీరూ చెప్పండి, బిషప్పు చూశాడని చెప్పండి."

అంతే. ఆయన జీవితంలో అంత చిన్న ప్రసంగం చెయ్యలేదు. ఒక్కరూ కునుకు తియ్యలేదు.

గోతులు తవ్వేవాళ్ళు జడిసి ఎప్పుడో జారుకున్నారు. రాత్రి కురిసిన వానకు గోతి అడుగున నీళ్ళు చేరాయి. కింద నిలబడి పేటిక అందుకునే మనిషి కావాలి. చనిపోయినవాడి తమ్ముడు దిగాడు. రెండోవైపు బిషప్పు దిగాడు. ఆయన నూతులు తవ్వినవాడి కొడుకు. కాలు ఎక్కడ మోపాలో మరిచిపోలేదు. పేటిక ఒరగకుండా కూర్చుంది.

పైకి ఎక్కుతుంటే అధికారే చెయ్యి అందించాడు. "ఇక బయల్దేరాలండి," అన్నాడు, ముఖంలోకి చూడకుండా.

"పదండి."

అక్క సంచి అందించింది. "స్వెట్టరు పెట్టాను. దాచుకోకు, వేసుకో."

"అలాగే అక్కా."

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆయన బడికి ఆలస్యమైన మేస్టారులా గబగబా నడిచి జీపెక్కాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

జీపు కనుమరుగయ్యాక గాని అక్క చూడలేదు. గోతి గట్టున ఆయన నల్లబూట్లు, ఒకదానిలో మేజోళ్ళు కుక్కి, ముక్కులు గోతివైపుగా, పక్కపక్కనే ఉన్నాయి.