కొలతలు చదివే వంతు

కొట్టు ఊడవాలి. ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేయాలి. మిషన్లకు నూనె వేయాలి. నేల మీది గుండుసూదులు ఏరాలి. శనివారం అంత్యక్రియలకు పన్నెండు నల్ల గౌన్లు కుట్టివ్వాలి. ఘనాలోని టెచిమాన్‌లో ఫ్రెమా మేడమ్ దగ్గర కుట్టుపని నేర్చుకునే పిల్లలు ఆ వారం చేయాల్సినవి ఇవి. వీటిలో సగం డూఫీ ఒక్కతే చేసేది. సోమవారం నుంచి ఆమె రావడం లేదు.

"ఎవడో తగిలుంటాడు మేడమ్," అంది పెద్ద శిష్యురాలు అఫ్రియే. "లేకపోతే మీ ఇంటి గిన్నెలు తోమలేక పారిపోయుంటుంది."

"నీ నోటికి కుట్లు వేయాలే," అంది మేడమ్. గిన్నెల మాట మాత్రం గుచ్చుకుంది.

పని మానేసిన పిల్ల, చేరేటప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న మిషన్ తీసుకుపోవడం అక్కడి రివాజు. బుధవారం డూఫీ అన్న దానికోసం వచ్చాడు. మిషన్ గడప దాటితే ఆ పిల్ల ఇక రాదని మేడమ్‌కు తెలుసు.

"ఉండు బాబూ. ముందు నేను దాంతో మాట్లాడాలి," అంటూ లేచింది.

ఇంటి పెరట్లో డూఫీ ఉడికించిన కర్రపెండలం రోట్లో వేసి ఫుఫు ముద్ద దంచుతోంది. మేడమ్ రోటి పక్కన కూర్చుని, రోకలి లేచినప్పుడల్లా ముద్ద తిప్పసాగింది.

"గిన్నెల వల్లా?"

"గిన్నెలు మా ఇంట్లో మాత్రం లేవా అమ్మా?"

"మరి ఎవడైనా..."

"వాడైనా ఉంటే బాగుండేది," అంది అక్కడే కూర్చున్న డూఫీ అమ్మమ్మ. "దీనికి అంకెలు నేర్పేవాడు."

రోకలి ఆగింది. ఆ కొట్టులో చేరి రెండేళ్లయిన పిల్ల టేపు పట్టి కొలతలు పైకి చదవాలి, ఇంకొకరు రాసుకోవాలి. సోమవారం నుంచి ఆ వంతు డూఫీది. ఆమె బడి రెండో తరగతితోనే ఆగిపోయింది. ఇన్నాళ్లూ గిరాకీలు తెచ్చిన పాత గౌన్లకు దారం ఆనించి, కొలతకొక ముడి వేసుకుని, ఆ ముడుల ప్రకారం గుడ్డ కత్తిరించింది. ఒక్క గౌనూ బిగుతు కాలేదు.

"అందరూ నవ్వుతారమ్మా," అంది తల దించుకుని.

"టేపు మీద ఉన్నవి అరవై అంకెలే. రోజుకు రెండు నేర్చుకో, నెల చాలు. అందాకా నువ్వు దారంతో కొలువు, నేను దాన్ని టేపు మీద పెట్టి చదువుతా. నవ్వేదాన్ని గిన్నెలకు పంపుతా."

మర్నాడు డూఫీ వచ్చింది.

ఆమెను చూస్తుంటే మేడమ్‌కు అచియా గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట, సరిగ్గా ఆ వంతు వచ్చిన వారమే, మిషన్ నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయిన పిల్ల. బద్ధకం అనుకుని మేడమ్ అడగనే లేదు. ఇప్పుడు ఆచూకీ అడిగితే ఎవరికీ తెలియదు.

డూఫీ సంగతి మరిచినా ఫరవాలేదు, ఆమె ఈ ఏడు పని పూర్తి చేస్తుంది. పని మధ్యలో మానేసిన పిల్లను బద్ధకస్తురాలు అనబోయే ముందు, దయచేసి అచియాను ఒక్కసారి తలుచుకోండి.