అరశ్రుతి తేడా

పంకజాక్షి సర్వీసు ఫైలును రఘునాథ్ గారు ఆ వారంలో మూడవసారి తెరిచి, మూడవసారీ అదే పేజీ దగ్గర ఆగిపోయారు.

సంగీత కళాశాలలో గాత్రం డిప్లొమా, ప్రథమ శ్రేణి, 1986. చిత్తూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో 1990 చివరి దాకా సంగీతోపాధ్యాయినిగా ఉద్యోగం. ఆ తర్వాత ఆరేళ్ళు ఖాళీ. 1997లో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు. దాని కింద ఆమె స్వహస్తంతో రాసిన వాక్యం ఒకటి: "టేప్ రికార్డరు వంటి శ్రవణ యంత్రాల సహాయంతో గాత్ర బోధనలో అనుభవం కలదు."

గాత్రం నేర్చిన మనిషికి యంత్రంతో ఏం పని? ఆ ఆరేళ్ళు ఎక్కడ ఉన్నట్టు?

రఘునాథ్ గారు ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు బోధించి, ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసి, తిరుపతిలో ఈ ప్రైవేటు హైస్కూలుకు ప్రిన్సిపాలుగా వచ్చినవారు. తమ సర్వీసులో ఇద్దరి దొంగ సర్టిఫికెట్లను పట్టుకున్నారు. ఆ రెండు ఉదంతాలూ వినని ఉపాధ్యాయుడు ఈ పాఠశాలలో లేడు. కిందటి జూన్‌లో ఆయన కంటి శస్త్రచికిత్స చేయించుకుని ఇంట్లో ఉన్న పది రోజుల్లోనే కరస్పాండెంటు మునికృష్ణ గారు ఈ పంకజాక్షిని నియమించేశారు. ఇంటర్వ్యూలో పాడిందా అని అడిగితే, "పాడలేదు గాని సార్, పిల్లోళ్ళ చేత పాడించింది. శానా బాగుండె," అని జవాబిచ్చారు. ఆ జవాబు ఆనాటి నుంచీ రఘునాథ్ గారికి చెప్పులో రాయిలా ఉంది.

మార్చి నెలాఖరుకు ఆమె ప్రొబేషను ముగుస్తుంది. ప్రిన్సిపాలు అనుకూలంగా రాస్తే ఉద్యోగం ఖాయం; లేకపోతే ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి ఆమె రానవసరం లేదు. శ్రీకాళహస్తిలో ఇల్లు ఖాళీ చేసి, తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, ఇక్కడ అద్దెకు దిగిన మనిషి. పాడని సంగీతం టీచరుకు ముప్పై ఆరేళ్ళ వయసులో మరొక చోట పని దొరకదన్నది అందరికీ తెలిసిన విషయమే. అది తెలుసు గనుకనే తాము మరింత జాగ్రత్తగా ఉండాలని రఘునాథ్ గారి ఉద్దేశం. జాలి వేరు, విచారణ వేరు.

ఆయన ఆమె తరగతిని కిటికీ అవతల నిలబడి నాలుగుసార్లు విన్నారు. నాలుగుసార్లూ ఒకటే తంతు. బల్ల మీద టేప్ రికార్డరు, పక్కన రేడియో అంత ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె. టేపులో ఒక స్త్రీ కంఠం స్వరాలు పాడుతుంది, పిల్లలు అందుకుంటారు. పంకజాక్షి వేలితో బల్ల మీద తాళం వేస్తూ, బొంగురు గొంతుతో రెండు మూడు మాటలు చెబుతుంది. అంతే.

"ఆ టేపులో పాడేది ఎవరమ్మా?" అని ఒకసారి వరండాలో ఆపి అడిగారు.

"నేనే సార్," అంది ఆమె.

ఆ స్వచ్ఛమైన కంఠం ఎక్కడ, ఈ బొంగురు ఎక్కడ? రఘునాథ్ గారు తల పంకించి ఊరుకున్నారు. ఆయన ఊరుకోవడమంటే నోటుబుక్కులో రాసుకోవడమని అర్థం.

ఫిబ్రవరిలో కంప్యూటర్ మాస్టారు ధనశేఖర్ వచ్చి ఫిర్యాదు చేశాడు.

"సార్, ఆ సంగీతం మేడమ్‌తో నాకు పెద్ద తంటాగా ఉండాది. సాయంత్రం స్కూలు విడిచినాక ల్యాబులో కూర్చుంటాది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాది. టేపుల్లో పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తాండాది. హార్డ్ డిస్కు సగం ఆమెకే అయిపోయింది. నా పిల్లోళ్ళ ప్రోగ్రాములు యాడ పెట్టుకునేది?"

"తలుపు వేసుకుంటుందా?"

"వేసుకుంటాది సార్. బయట బస్సుల హారన్లు వినపడతాయంట."

"టేపుల సంఖ్య ఎంత ఉండవచ్చు?"

"ఒక అట్టపెట్టె నిండుకు ఉండాయి. అడిగితే నవ్వుతాది గాని చెప్పదు సార్."

ఎవరో విద్వాంసురాలి గొంతును కాపీ చేసి అమ్ముకుంటున్నదా? లేక ఎవరి గొంతునో తనదిగా చూపి ఉద్యోగం నిలబెట్టుకుంటున్నదా? రెండింటిలో ఏదైనా పాఠశాలకు అప్రతిష్ఠే. మర్నాడు ఆయన "బోధన పరిశీలన నిమిత్తం" అని కాగితం రాసి, ఒక క్యాసెట్టు ఇమ్మని ఆమెను అడిగారు. ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. ఆ తటపటాయింపూ నోటుబుక్కులోకి ఎక్కింది.

"ఎండలో పెట్టబాకండి సార్," అని మాత్రం చెప్పి ఇచ్చింది.

ఇంట్లో ఆయన భార్య ప్రసన్నకుమారి హరికథలు వినే టేప్ రికార్డరు ఒకటి ఉంది. భజనలకు వాడే హార్మోనియం కూడా ఉంది. రఘునాథ్ గారు చిన్నతనంలో రెండేళ్ళు వయొలిన్ నేర్చుకుని మానేశారు గాని, చెవి మాత్రం తమను మానలేదని ఆయన విశ్వాసం. క్యాసెట్టు పెట్టారు. మొదట ఒక గొంతు ప్రకటించింది: "సరళీ స్వరాలు. అయిదున్నర శ్రుతి." ఆ తర్వాత పాట.

ఆయన హార్మోనియం మీద అయిదున్నర మెట్టు నొక్కారు. కలవలేదు. దాని పక్కనున్న అయిదో మెట్టు నొక్కారు. సరిగ్గా కలిసింది. మళ్ళీ నొక్కి చూశారు. సందేహం లేదు, అరశ్రుతి తేడా.

"ప్రసన్నా, ఇలా రా. తన శ్రుతి ఏదో తనకే తెలియని గాయని ఉంటుందా?"

"నాకేం తెలుస్తాదండీ. ఇంతకీ మీరు బడికి పోయేది పాఠాలు చెప్పేదానికా, పోలీసు పనికా?"

"ప్రకటించింది ఒకరు, పాడింది ఒకరు. ప్రకటన తర్వాత ఎవరిచేతనో చెప్పించి అతికించింది. పట్టుబడింది!"

"పట్టుబడితే పట్టుబడిందిలెండి. నా హరికథ క్యాసెట్టు తీసి యాడ పెట్టినారు?"

ఆ శనివారం మునికృష్ణ గారి గదిలో విచారణ జరిగింది. మునికృష్ణ గారు పుత్తూరు దగ్గర మామిడితోటలున్న రైతు. తగవులంటే ఆయనకు గిట్టదు. రఘునాథ్ గారు నోటుబుక్కు తెరిచి, తేదీల వారీగా, ఎక్కడా గొంతు పెంచకుండా, ఆరేళ్ళ ఖాళీ నుంచి అరశ్రుతి దాకా అంతా చదివారు. పంకజాక్షి చేతులు కట్టుకుని విన్నది.

"ఏమ్మా పంకజాక్షమ్మా, సారు ఇంత చెప్తాండారే, నువ్వేమంటావు?" అన్నారు మునికృష్ణ గారు.

ఆమె వెళ్ళి, తన తరగతి టేప్ రికార్డరునూ శ్రుతిపెట్టెనూ తెచ్చి బల్ల మీద పెట్టింది. శ్రుతిపెట్టెను అయిదున్నరకు తిప్పింది. అదే క్యాసెట్టు పెట్టింది. కంఠమూ శ్రుతీ పాలూ నీళ్ళూ కలిసినట్టు కలిసిపోయాయి.

"సార్, మీ ఇంట్లో టేప్ రికార్డరుకు బెల్టు ఎప్పుడు మార్పించినారు?"

"పదిహేడేళ్ళుగా అది నిక్షేపంలా పనిచేస్తున్నది. బెల్టు మార్చవలసిన అవసరమే కలగలేదు."

మునికృష్ణ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "అట్లయితే అది సాగిపోయింటాది సార్! మా తోటలో మోటారు బెల్టు ఏడాదికే సాగిపోతాది. నీళ్ళు సగమే వస్తాయి. మీ ఇంట్లో పాట నిదానంగా వచ్చినట్టుండాది."

"నిదానంగా తిరిగితే శ్రుతి దిగిపోతాది సార్. హరికథలో అయితే తెలీదు," అంది పంకజాక్షి.

రఘునాథ్ గారి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆయన నోటుబుక్కు మూయలేదు. "యంత్రం విషయంలో నా పొరపాటు ఒప్పుకుంటున్నాను. గొంతు ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఒక్క వరుస పాడండి."

పంకజాక్షి శ్రుతిపెట్టె ఆపింది.

"పాడలేను సార్," అంది ఆమె. "తొంభై ఒకటిలో మెడలో గడ్డకు మద్రాసులో ఆపరేషనయింది. గొంతు నరాన్ని అంటుకొనే ఉండాది గడ్డ, తీయక తప్పదు, మాట మిగులుతాది గాని పాట సంగతి చెప్పలేనని డాక్టరు ముందే చెప్పినాడు. పంతొమ్మిది దినాలు టైముండె. మా అమ్మ తాళం వేస్తే, సరళీ స్వరాల నుంచి గీతాల దాకా అంతా పాడి టేపుల్లో పెట్టుకున్నాను. మళ్ళీ ఆరేండ్లు వాటి మొగం చూడలేదు. చూడబుద్ధి కాలేదు. అప్పటికి నాలుగు టేపులకు బూజు పట్టింది. మిగిలినవన్నా దక్కించుకోవాలని కంప్యూటర్ నేర్చుకున్నాను."

మునికృష్ణ గారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. రఘునాథ్ గారు తుడుచుకోలేదు. ముప్పై నాలుగేళ్ళలో సెలవు చీటీలలో ఆయన చదివిన మరణాలు, రోగాలు అన్నీ ఇన్నీ కావు. వాటిలో సగానికి పైగా కల్పితాలు.

"ఆసుపత్రి కాగితాలు ఉన్నాయా?"

"ఉండాయి సార్, తెస్తాను. అవి గొంతు పోయిందని చెప్తాయి. ముందర ఉండిందని చెప్పవు."

ఆయన నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పారు. "టేపు లేకుండా పాఠం చెప్పగలరా?" అన్నారు.

"సోమవారం రెండో పీరియడుకు రండి సార్. ఏడో తరగతి."

సోమవారం ఆయన పది నిమిషాలు ముందే వెళ్ళారు. పంకజాక్షి ముందే పిల్లలకు తర్ఫీదు ఇచ్చి, ఎక్కడ తప్పాలో చెప్పి పెట్టి, పెద్ద పరీక్షలా నటించడం అసాధ్యమేమీ కాదు. ఆ దారి మూసేయాలి. క్లాసులో బాగా పాడుతుందని పేరున్న ఐశ్వర్య అనే పిల్లను వరండాలోకి పిలిచారు.

"చూడమ్మా. నాలుగోసారి పాడేటప్పుడు నిషాదాన్ని కొంచెం తగ్గించి పాడాలి. కావాలనే."

"తప్పు పాడేదా సార్?"

"అవును."

"మేడమ్ అరుస్తాది సార్."

"అరవదు. నేను ఉన్నాను గదా. మేడమ్‌కు చెప్పకూడదు."

పాఠం మొదలైంది. శ్రుతిపెట్టె ఒక్కటే మోగుతున్నది. పంకజాక్షి కొత్త అలంకారాన్ని మాటలతో చెప్పి, చేతిని మెట్లుమెట్లుగా పైకెత్తి చూపింది. పిల్లలు ఆ చేతిని చూసి పాడారు. వెనక బెంచీలో రఘునాథ్ గారు "బాగున్నది" అని రాసుకుంటూ ఉండగా ఆమె హఠాత్తుగా ఆపింది.

"మూడో వరసలో రిషభం పైకి పోతాండాది. రామచంద్రా, నువ్వేనా?"

"అవును మేడమ్."

"దించు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ!"

రఘునాథ్ గారికి ముందు అది వినబడనే లేదు. చెప్పిన తర్వాత, అన్నంలో రాయి పంటికి తగిలినట్టు తగిలింది. ఆయన "బాగున్నది" అన్న మాటను కొట్టేశారు.

ఆమె పిల్లల వైపు వీపు తిప్పి, గోడను చూస్తూ నిలబడి పాడించింది. నాలుగో ఆవృత్తి వచ్చింది. ఐశ్వర్య నిషాదం దిగింది. ఎంతో స్వల్పంగా, ఆ పిల్లకు ధైర్యం చాలినంత మేరకే. పంకజాక్షి చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఇటు తిరిగింది.

"ఐశ్వర్యా."

పిల్ల తల వంచుకుంది.

"ఇది నీ తప్పు కాదే. నీ తప్పులు నాకు తెలుసు. నీది ఎప్పుడూ ధైవతం దగ్గర జారుతాది గాని నిషాదం కాదు. దీన్ని ఎవరు చెప్పినారు నీకు?"

ఐశ్వర్య కళ్ళు వెనక బెంచీ వైపు వెళ్ళాయి. ఇరవై రెండు మంది పిల్లల కళ్ళూ అటే వెళ్ళాయి. ముప్పై నాలుగేళ్ళు తరగతి గదుల్లో నిలబడిన మనిషికి ఆ బెంచీలో కూర్చుని ఉండడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఆయన లేచి నిలబడ్డారు.

"నేనే చెప్పాను. పిల్లను ఏమీ అనవద్దు."

"అనను సార్," అంది పంకజాక్షి. నవ్వలేదు. "మళ్ళీ మొదటి నుంచి. ఐశ్వర్యా, నీ గొంతుతో పాడు."

సాయంత్రం ఆయన స్వహస్తంతో నివేదిక రాశారు. నియమం ప్రకారం దాన్ని ఆ ఉద్యోగి చదివి, కింద సంతకం చేయాలి. పంకజాక్షిని పిలిచి ఫైలు ముందుకు జరిపారు. ఆమె నిలబడే చదివింది. బోధన సంతృప్తికరం, శ్రవణ పరిజ్ఞానం అసాధారణం, ఉద్యోగం ఖాయం చేయవలసినదిగా సిఫారసు. ఆ కింద మరొక వాక్యం: "ఆమె అనారోగ్యాన్ని సానుభూతితో పరిగణించడమైనది."

"ఈ మాట తీసేయండి సార్."

"ఎందుకు? మీకు అనుకూలంగానే ఉన్నది గదా."

"రేపు మీ తర్వాత ఇంకొక సారు వస్తారు. ఈ ఫైలు తెరుస్తారు. సంగీతం రాని ఆడమనిషికి జాలిపడి పని ఇచ్చినారని అనుకుంటారు. మళ్ళీ నన్ను పాడమంటారు."

రఘునాథ్ గారు కలం చేతిలోకి తీసుకున్నారు గాని వెంటనే రాయలేదు. "ఒక్క విషయం. ఫైలు కోసం కాదు, నా కోసం అడుగుతున్నాను. టేపులోని ఆ గొంతు నిజంగా మీదేనా?"

ఆమె కిటికీ వైపు చూసింది. "పాడేటప్పుడు నాదే అనుకున్నాను సార్. ఇప్పుడు వింటా ఉంటే నాకూ అనుమానంగానే ఉండాది."

ఆయన గీటుబద్ద పెట్టి ఆ వాక్యం మీద అడ్డంగా ఒకే గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వేశారు. తన నివేదికలో తానే ఒక మాట కొట్టేయడం ఆయనకు ఇదే మొదటిసారి. పంకజాక్షి నివేదికను మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చదివి, అప్పుడు సంతకం చేసింది.