దెయ్యం మాట్లాడని నవల

దెయ్యానికి గొంతు అరువిచ్చి బతికిన మనిషి ఆవిడ. చెల్లెలు రాసిన నవలల్లోంచి పుట్టిన యానిమే బొమ్మల సిరీస్ అది. అందులో పాడుబడ్డ మేడలో తిరిగే అక్క దెయ్యం ఏడ్చినా, నవ్వినా, జోల పాడినా ఈవిడ గొంతే. స్టూడియోలో అందరికీ ఆవిడ దెయ్యమక్క. ఆ పిలుపంటే ఎంత మురిపెమో చెప్పలేం. ముక్కు మీద కోపం మాత్రం అరువు సరుకు కాదు, అచ్చంగా ఆవిడ సొంతం.

గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆ జోలపాట ఇక పలకలేదు. సరిగ్గా అప్పుడే, ఇదే ఆఖరిదన్న సీజన్ స్క్రిప్టు చేతికొచ్చింది. డబ్బింగ్ వాళ్లకో పాడు అలవాటుంది. తమ డైలాగులకి రంగు పూసుకుంటారు, పక్కవాళ్లవి కన్నెత్తి చూడరు. దెయ్యమక్క రంగు పెన్ను పట్టుకుని చివరిదాకా తిప్పింది. పూయడానికి ఒక్క ముక్క లేదు. దెయ్యం కనిపిస్తుంది, తిరుగుతుంది, నోరు మాత్రం విప్పదు. ఒళ్లు మండిపోయింది ఆవిడకి. "గొంతు పోయిందని సొంత చెల్లెలే నా నోరు నొక్కేసింది" అని కనపడ్డవాళ్లందరితో చెప్పుకుంది. చెల్లెలు నవల పంపితే కవరు కూడా చింపకుండా అటకెక్కించింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడు పాత సీజన్లన్నీ పాటలతో, నవలలతో సహా డిస్కుల పెట్టెగా విడుదల చేస్తున్నారు. దాంతోపాటే కొత్త సీజన్. అందులో దెయ్యం మళ్లీ మాట్లాడుతుంది, పాడుతుంది, వేరే అమ్మాయి గొంతుతో. ఆ అమ్మాయికి జోలపాట నేర్పమని సౌండ్ ఇంజినీరు కబురు పెట్టాడు. చచ్చినా రానని కస్సుమన్న మనిషి, మర్నాడే నీటుగా తయారై దిగింది.

అమ్మాయి అద్దాల గదిలో గొంతు సవరించుకుంటోంది. ఇంజినీరు మీటలు సర్దుతూ నెమ్మదిగా అన్నాడు.

"ఏమనుకోకండక్కా. మీ చెల్లెలుగారు ఒప్పుకోలేదు గానీ, లేకపోతే ఈ పని ఎప్పుడో అయ్యేది."

"ఏం ఒప్పుకోలేదు?"

"దెయ్యానికి ఇంకో గొంతు పెట్టడానికి. నిర్మాతలు నెత్తినెక్కి కూర్చున్నారుగా అప్పట్లో. అందుకే కదా ఆవిడ దెయ్యానికి మాటలే లేకుండా నవల రాసి పారేశారు. మీరు చదివే ఉంటారుగా."

పెట్టెలో పెట్టాల్సిన నవలల కట్ట అక్కడే బల్ల మీద ఉంది. దెయ్యమక్క ఆఖరిది లాక్కుని తెరిచింది. అన్నీ పక్కవాళ్ల మాటలే, ఆవిడ జన్మలో చదవనివి. కథ మొదలయ్యేసరికే అక్క దెయ్యం మంటల్లో చిక్కుకున్న చెల్లెల్ని కేకలేసి కేకలేసి బయటికి రప్పించింది. దాంతో గొంతు పోగొట్టుకుంది. ఒక మాంత్రికుడు వచ్చి ఇంకెవరి గొంతో తెచ్చి అతికిస్తానంటాడు. చెల్లెలు వాణ్ణి గడప తొక్కనివ్వదు. రోజూ మేడ మెట్ల మీద కూర్చుని, "తొందరేం లేదక్కా. మాట్లాడకపోయినా ఫరవాలేదు. వచ్చి నా పక్కన కూర్చో, చాలు" అంటుంది.

పుస్తకం చేత్తో పట్టుకునే వరండాలోకి వెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది.

"అక్కా?" అంది చెల్లెలు, నమ్మలేనట్టు.

"ఆ నవల ఇప్పుడే చదివానే. నీ మీద ఒట్టు, ఇప్పుడే. నా బుద్ధి గడ్డి తిని ఏదేదో అనుకున్నాను."



"దెయ్యానికి వేరే గొంతు పెట్టుకోమని మొన్ననే సంతకం పెట్టేశానక్కా" అంది చెల్లెలు. "నువ్వెప్పుడో చదివేశావనుకున్నా. చదివి కూడా నాతో మాట్లాడ్డం లేదనుకున్నా."