సాయ్కల్ జిగులీ

బేషెన్ రోజూ షెడ్డు తలుపు తీసి, పొయ్యి రాజేసి, టీ తాగాకే పానా ముట్టుకుంటాడు. కనుమ కింద ఆ లోయలో కార్లన్నీ ముసలివే, వాటి సొంతదార్లు ఇంకా ముసలివాళ్ళు. స్టార్టర్ గిరగిరా తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదంటూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. బేషెన్ వరసగా చూస్తాడు. ప్లగ్గులో స్పార్కు వస్తోందా, పెట్రోలు అందుతోందా, గాలి ఆడుతోందా. అన్నీ బాగుండి కూడా అందుకోకపోతే పానా కిందపెట్టి చేతులు తుడుచుకుంటాడు.

"బండికేం కాలేదు. ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని పిలిపించుకో" అంటాడు.

ఆ మాటతో వచ్చినవాడి మొహంలో నెత్తురు చుక్క ఉండదు. ఆ లోయలో బండి సొంతదారు పోతే, కన్నవాళ్ళూ కడుపున పుట్టినవాళ్ళూ ఆ కబురు చెవులారా వినేదాకా బండి స్టార్టవదు. చలికి డీజిల్ గడ్డకట్టినట్టే ఇదీనూ, ఎవరూ వింతగా చెప్పుకోరు. కొడుకు బండి తెచ్చిన జానుజాక్ ఒక్కడే మొండికేశాడు. "నీకు పని చేతకాక నా కొడుక్కి చావు అంటగడతావా?" అని బేషెన్‌ని బండబూతులు తిట్టి, కనపడ్డ మెకానిక్కునల్లా పట్టుకుని కార్బురేటర్లు మార్పించాడు. చివరికి పెద్దలు వచ్చి కూర్చోబెట్టి చెప్పాక, ఆ బండి పాత కార్బురేటర్‌తోనే కదిలింది.

చావు కబురు చెప్పడానికి అక్కడొక పద్ధతుంది. సొంతవాళ్ళలో పెద్దవాడే చెప్పాలి. పక్కన నలుగురుండాలి. మనిషిని కూర్చోబెట్టి, ఆ మాటా ఈ మాటా ఆడి, అప్పుడు చెప్పాలి. అందాకా తెలిసినవాళ్ళంతా అబద్ధమే ఆడాలి. ఆ అబద్ధాన్నే మర్యాద అంటారు.

ఒక ఆదివారం లోయలో నడిచే బండ్లన్నీ గొర్రెల సంతకు పోయాయి. బేషెన్ వియ్యంకుడు ఒరోజలీ పక్క ఊరినుంచి ఒక ఆకుపచ్చ జిగులీ కారుని గుర్రంతో లాగించుకుని వచ్చాడు. బేషెన్ తుక్కులోంచి ముక్కముక్కా ఏరి, ఒక చలికాలమంతా కూర్చుని కట్టిన బండి అది. కూతురు సాయ్కల్‌కి బడిలో ఉద్యోగం వచ్చిన రోజున తాళం ఆమె చేతిలో పెట్టాడు. తల్లి లేని పిల్ల, ఒక్కతే కూతురు.

వియ్యపురాలు కలిపా గొర్రెతోలు మూట ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. దిగలేదు.

"ఏమైంది బావగారూ?" అన్నాడు బేషెన్.

"ఏముంది, తిరుగుతోంది, అందుకోవడం లేదు" ఒరోజలీ గుర్రం వైపు చూస్తూ అన్నాడు.

"సాయ్కల్ రాలేదే?"

"ఏడో నెల కదా. పడుకుంది."

"అల్లుడో?"

"దాని దగ్గరే ఉన్నాడు."

బేషెన్ బానెట్ ఎత్తాడు. ఏదో ఒక లోపం దొరకాలి. జీవితంలో ఏ బండిలోనూ అంత ఆశగా లోపం వెతకలేదు. ప్లగ్గు ఊడదీసి ఇంజనుకి ఆనించి, ఒరోజలీని తాళం తిప్పమన్నాడు. స్పార్కు నీలంగా, గట్టిగా వచ్చింది. ప్లగ్గు కొన పెట్రోలుతో తడిగా ఉంది. ప్లగ్గు కన్నంమీద బొటనవేలు అదిమి మళ్ళీ తిప్పించాడు. లోపలి గాలి వేలిని ఎగదన్నింది. ఎంత బాగా కట్టాడో ఆ ఇంజను! తన పనితనాన్ని తానే తిట్టుకున్నాడు.

"మీ సగిన్ అన్నయ్య కూడా వస్తున్నాడు. కబురు పెట్టాం" అన్నాడు ఒరోజలీ, ఊరికే అన్నట్టుగా.

గొర్రెల్ని వదిలి సగిన్ ఈ రోజుల్లో కొండ దిగడు. బేషెన్ చెయ్యి ఆగిపోయింది.

"డిస్ట్రిబ్యూటర్ మూతలో చెమ్మ చేరింది" అన్నాడు. మూత పొడిగానే ఉంది.

"అంతే అయ్యుంటుంది బావగారూ" ఒరోజలీ గబుక్కున అందుకున్నాడు.

బేషెన్ ఆ మూతను పొయ్యిమీద పెట్టి అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. తెలియక కాదు. వినకపోతే ఇంకా జరగనట్టే ఉంటుందని. సగిన్ వచ్చేదాకా, కుదిరితే ఇంకా తర్వాతి దాకా, ఆ మూత ఆరుతూనే ఉండాలనుకున్నాడు.

"అన్నయ్యగారూ, పట్నం ఆసుపత్రికి వెళ్ళాలి" కలిపా కారులోంచి అంది. "అంబులెన్సు కనుమ అవతల ఎక్కడో ఉందట."

"ఎవరికి బాగాలేదు చెల్లెమ్మా?"

ఆమె మొహం తిప్పుకుంది. అప్పుడే ఆమె ఒళ్ళో మూట మూలిగింది, పిల్లికూనలాగా.

బేషెన్ లేచివెళ్ళి గొర్రెతోలు పక్కకు తీశాడు. అరచేతిలో పట్టే మొహం. పెదాలు నల్లబడి ఉన్నాయి.

"పొద్దున్న పుట్టింది. పాలు పట్టడం లేదు" అంది కలిపా. "గాజుపెట్టెలో పెట్టకపోతే సాయంత్రం దాకా ఉండదంది మంత్రసాని."

బేషెన్ పరుగున వెళ్ళి మూత తెచ్చి బిగించాడు. ప్లగ్గు బిగించాడు. స్టీరింగ్ ముందు కూర్చుని ఒరోజలీ వైపు తిరిగాడు.

"చెప్పండి బావగారూ."

"నేనా! వియ్యంకుణ్ణి, నా నోటితో ఎలా అనేది? ఇక నలుగురిలో తలెత్తుకోగలనా? అన్నయ్యని రానివ్వండి."

"అన్నయ్య వచ్చేసరికి దీని కబురు కూడా చెప్పాల్సొస్తుంది. చెప్పు!"

అంతవరకూ బేషెన్ అతన్ని ఏకవచనంలో పిలిచి ఎరగడు. ఒరోజలీ తలమీది టోపీ తీసి గుండెకు హత్తుకున్నాడు.

"సాయ్కల్ పోయింది బావగారూ. నెత్తురు ఆగలేదు."

బేషెన్ తాళం తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది.

ఊరి చివర సగిన్ గుర్రంమీద ఎదురొచ్చాడు, వెనక ఇద్దరు పెద్దలతో. తమ్ముడికి చెప్పాల్సిన మాటలు దారిపొడవునా కూడబలుక్కుంటూ వచ్చాడు పాపం. జిగులీ నడిచి రావడం చూసి గుర్రాన్ని పక్కకు తప్పించి టోపీ తీశాడు. బేషెన్ ఆగలేదు. కనుమ దాటేదాకా గట్టిగా ఏడుస్తూనే నడిపాడు. వెనక సీట్లో కలిపా పసిదాన్ని రొమ్ముకు అదుముకుని కూర్చుంది.

ఆ పిల్ల బతికింది. ఇప్పుడు తాత దగ్గరే పెరుగుతోంది. బేషెన్ పొద్దున్నే షెడ్డు తీసి, పొయ్యికన్నా టీకన్నా ముందు ఆ జిగులీ తాళం తిప్పుతాడు, ఆ కబురు ఇంకా తన చెవిన పడనట్టే ఒక్కరోజైనా అందుకోకుండా మొరాయిస్తుందేమోనన్న ఆశతో. అది రోజూ మొదటిసారికే అందుకుంటుంది. పక్క సీట్లో నిలబడి పిల్ల చప్పట్లు కొడుతుంది.