ఎర్రకుప్పలో తాలుకాయ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. మిరపకాయల్లో పుట్టి మిరపకాయల్లో పెరిగినదాన్ని, ముక్కు మీద ఇంకేం ఉంటుంది? ఆ కోపంతోనే ఈ ఏడు కల్లానికి పోకుండా, నాతో కాయలేరే ఖాదర్‌బీ అక్క మీద అలిగి కూర్చున్నాను.

కల్లం అంటే పర్చూరు అవతల దుర్గాంబ గారి చేలో మిరపకాయలు ఆరబోసే చోటు. ఎండిన కాయల చుట్టూ మేం ఆడవాళ్లం గోతాలు పరుచుకుని కూర్చుంటాం. మంచి ఎర్రకాయ ఒక కుప్పలో, రంగు తప్పి తెల్లబారిన తాలుకాయ ఇంకో కుప్పలో వేస్తాం. చేతులకి పని, నోటికి ఖాళీ. ఆ ఖాళీలోనే నేను కథలు చెప్పడం మొదలుపెట్టాను. చెప్పినవాటిని ఇంటికెళ్లి రాసుకునేదాన్ని. మా ఊరి బడిలో తెలుగు చెప్పే అమూల్య వాటిని కంప్యూటర్లో కొట్టి పత్రికలకి పంపేది. అలా అలా చీరాలలో ఒక ప్రెస్సాయన పుస్తకం వేస్తానన్నాడు. పుస్తకం నిండటానికి ఇంకొక్క కథ కావాలన్నాడు, అంతే.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఒంగోలులో ఏదో సభకి వెళ్తే వేదిక మీద ఒకాయన, రచయితకి ఏకాంతమే ఊపిరి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.

"ఈసారి కాయలేరడానికి రానక్కా, రాసుకోవాలి. నాకు ఏకాంతం కావాలి," అన్నాను ఖాదర్‌బీ అక్కతో.

"అదెంత భాగ్యమే! కల్లంలో ఓ మూల నీకు వేరే గోతం పరిచిస్తాం, రా," అంది అక్క.

పక్కనున్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. విసవిసా ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

మా ఆయన బాషా ఆటో తోలతాడు. బజారంతా వినపడేట్టు హారన్ కొట్టే మనిషి, నాకోసం చెప్పులు చేత్తో పట్టుకుని ఇంట్లో పిల్లిలా తిరిగాడు. కుక్కర్ కూత పెడితే దాన్ని కూడా కసిరాడు. ఇంత ఏకాంతం పర్చూరులో ఇంకెవరికీ దొరికి ఉండదు. కథ మాత్రం ముందుకి కదల్లేదు.

కథ ఏమిటంటే, సిద్దికా అనే ఆవిడ భర్త పోయాక స్కూటీ నేర్చుకుని, చీరాల చీరలు ఊళ్లమ్మట తిప్పి అమ్ముకుంటూ ఉంటుంది. ఆడది బండెక్కి తిరిగితే పరువు పోతుందని ఆమె మరిది ఆ స్కూటీని తన కొట్టంలో పెట్టి తాళం వేస్తాడు. ఇక్కడిదాకా బాగానే వచ్చింది. తర్వాత సిద్దికా ఏం చేస్తుంది? కొట్టేసి రాసి, రాసి కొట్టేసి, చివరికి ఆమెని కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. "ఆమె మౌనంగా కన్నీరు కార్చింది. ఆకాశం కూడా మౌనంగా ఉంది." ఇది రాసి నాకు నేనే మురిసిపోయాను.

అమూల్యకి ఫోన్లో చదివి వినిపించాను. "బాగుంది," అంది. ఉప్పు లేని కూర తిని చుట్టాలు అంటారే, ఆ బాగుంది.

"ఆదివారానికి కథ ఇవ్వకపోతే ప్రెస్సాయన వేరేవాళ్ల పుస్తకం ఎక్కించేస్తాడట. మనది మళ్లీ వచ్చే ఏడే. ఖాదర్‌బీ గారికి వినిపించావా?" అంది మళ్లీ తనే.

"లేదు."

"మరింకేం చూస్తున్నావు?" అని ఫోన్ పెట్టేసింది.

ఎన్నేళ్లుగానో కలగన్న పుస్తకం. నా కోపం కంటే అదే బరువైంది. మర్నాడు కాయితాలు చంకలో పెట్టుకుని బాషా ఆటోలో కల్లానికి వెళ్లాను.

ఖాదర్‌బీ అక్క తలెత్తలేదు. "కూర్చో, గోతం ఉందిగా," అంది. తన పక్కన ఖాళీగా ఉన్న గోతం మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

చదువుతున్నంతసేపూ అందరి చేతులూ మిషన్లలా ఆడాయి. ఎర్రకాయ ఇటు, తాలుకాయ అటు. ఆకాశం మౌనంగా ఉన్నచోట నా గొంతు కూడా వణికించాను. ఎవరూ చెయ్యి ఆపలేదు.

అక్క ఎర్రకుప్పలో రెండు చేతులూ పెట్టి కాయల్ని తిరగేసింది. "ఒక్క తాలు కూడా పళ్ళేదే!"

"మంచిదేగా అక్కా," అన్నాను.

"కాయలకి మంచిదే. తాలైంది నీ కథే."

నాకు కోపం వచ్చిన మాట నిజం. అయినా అక్క అన్నది అబద్ధం కాదు. నా పాత కథలు వింటూ వీళ్లు ఒళ్లు మరిచిపోయి తాలుకాయల్ని ఎర్రకుప్పలో పడేసేవాళ్లు. దుర్గాంబ గారు వచ్చి చూసి కల్లమంతా అదిరేట్టు అరిచేవారు. ఆవిడ అరిచిన రోజున నా కథ పండినట్టు లెక్క.

ఎదురుగా కూర్చున్న షహనాజ్ మూతికి కట్టుకున్న గుడ్డ కిందకి లాగింది. "అది కాదక్కా, ఊళ్లమ్మట తిరిగి చీరలమ్మే మనిషి కదా? ఎంతమందితో మాట్లాడుంటది! స్కూటీకి తాళం పడితే, ఏమ్మా ఈ వారం రాలేదేంటని ఒక్కళ్లు కూడా అడగలేదా?"

కాయితాలన్నీ తిరగేసి చూశాను. నిజమే, సిద్దికాకి కథ మొత్తంలో ఒక్క నేస్తం లేదు. నేను ఒక్కదాన్నే కూర్చుని రాశాను, ఆమెనీ ఒక్కదాన్నే కూర్చోబెట్టేశాను. పాపం అనిపించింది, ఆమె మీదా నా మీదా.

అంతే, తలా ఒక మాట అందుకున్నారు. తాళం పగలగొట్టాలని ఒకరు, మరిదినే కొట్టంలో పెట్టి తాళమేయాలని ఇంకొకరు. ఆ గోలకి దుర్గాంబ గారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు.

"ఏంటా అరుపులు? చేతులాడవేం?"

"కథమ్మా. మరిది బండికి తాళమేశాడు," అంది షహనాజ్.

దుర్గాంబ గారు గొడుగు ముడిచారు. "ఎవరి మరిది?" అంటూ మా మధ్య కూలబడి, అలవాటుగా కాయలు ఏరడం మొదలుపెట్టారు. సిద్దికా కన్నీళ్ల దాకా కథ క్లుప్తంగా విన్నారు.

"ఏడవడమేంటే కరీమున్! మా ఆయన పోయిన ఏడు మా మరిది ట్రాక్టర్ తాళం జేబులో వేసుకున్నాడు. ఆడదానికి ట్రాక్టరెందుకన్నాడు. నేను మళ్లీ అడగలా. బస్తాలన్నీ మోయించుకెళ్లి వాడి గుమ్మానికి అడ్డంగా కాయలు పోయించా."

"మేమంతా ఆ గుమ్మంలోనే కూర్చుని ఏరాం. లోపల తుమ్ములే తుమ్ములు. వాళ్లావిడ అన్నం కుండ దించి పుట్టింటికెళ్లింది," అంది ఖాదర్‌బీ అక్క కళ్లు మెరుస్తుండగా.

"మూడో రోజుకి తాళం తెచ్చి కుప్ప మీదకి విసిరాడు!" అన్నారు దుర్గాంబ గారు.

"ఆ తాళాన్ని ఏరింది కూడా నేనేగా," అంది అక్క.

"ఏ కుప్పలో వేశావే?" అన్నారు దుర్గాంబ గారు. కల్లమంతా ఘొల్లుమంది. నవ్వుతో కొందరు, ఘాటుతో కొందరు కళ్లు తుడుచుకున్నారు.

నాకు నవ్వు కంటే ముందు కథ వచ్చేసింది. మరిది కొట్టం తలుపు ముందే సిద్దికా చీరల మూట విప్పుతుంది. ఊళ్లన్నీ కదిలొస్తాయి. కొనేవాళ్లు కొంటారు, కొననివాళ్లు పొద్దుగూకేదాకా బేరమాడతారు. కొట్టంలో ఉన్న మరిది బండి కూడా బయటికి రాదు. చివరికి తాళంచెవి చీరల మీద వచ్చి పడుతుంది. నేను చెప్తుంటే వాళ్లు అడ్డొచ్చారు, వాళ్లు చెప్తుంటే నేను అడ్డొచ్చాను. చేతులెటు పోతున్నాయో ఎవరూ చూసుకోలేదు.

అంతా అయ్యాక ఖాదర్‌బీ అక్క దుర్గాంబ గారి ముందున్న ఎర్రకుప్పలోంచి ఒక తెల్లకాయ తీసి పైకెత్తింది. తర్వాత ఇంకోటి. తర్వాత గుప్పెడు.

"అమ్మా, ఈ తాలు ఎవరు వేసినట్టు?"

దుర్గాంబ గారు ఆ కాయల వంక చూశారు. మా వంక చూశారు. ఇప్పుడు ఎవరి మీద అరవాలో ఆవిడకి తోచలేదు.

"సరే, మళ్లీ ఏరండి. నేనూ ఏరతా," అన్నారు చివరికి. "కరీమున్, నువ్వు మొదట్నుంచి చెప్పు. నేను మధ్యలో వచ్చా."

ఇంటికొచ్చేసరికి బాషా అలవాటుగా చెప్పులు చేతికి తీసుకున్నాడు. "వేసుకో, కావాలంటే పాట కూడా పెట్టుకో," అన్నాను. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా, బాషా పక్కింటాయనతో గట్టిగా కబుర్లు చెప్తుండగా, పడీ పడీ నవ్వుకుంటూ కథ రాసేశాను. శనివారం పొద్దున్నే అమూల్య ఇంటికెళ్లి చేతిలో పెట్టాను. ఆమె నిలబడే చదివింది. చదువుతూ చదువుతూ పొయ్యి మీద పాలు పొంగించేసింది. నాకు ఇంకే మాటా అవసరం లేకపోయింది.

అక్కడినుంచి తిన్నగా కల్లానికి పరిగెత్తాను. ఇంకా ఎవరూ రాలేదు. ఖాదర్‌బీ అక్క ఒక్కతే గోతాలు దులుపుతోంది. తనది ఒకటి పరిచి, పక్కన ఇంకోటి పరిచింది.

"నేనొస్తానని నీకెలా తెలుసక్కా?"

"నువ్వు రాని రోజులన్నీ కూడా పరిచానే. లేకపోతే ఎవరో ఒకరు కూర్చునేస్తారుగా," అంది మామూలుగా.

ఈ మనిషి మీదేనా నేను అలిగి తలుపేసుకుంది అనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టి గోతం మీదకి లాగింది.

"రా, వాళ్లొచ్చేదాకా ఏకాంతమే. మొదలుపెట్టు."