మామగారి కారులో కంపెనీ వైరింగు

మామగారి కారు నలభై రోజులపాటు అల్లుడి చేతికొచ్చింది. తన తమ్ముడు ఇల్లు కట్టుకుంటుంటే, ఇటుక ఇటుకకీ వంక పెట్టడానికి మామగారు అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళారు. వెళ్ళేముందు తాళాలు అల్లుడి అరచేతిలో పెట్టి, పట్టు మాత్రం వదలకుండా ఒక మాట చెప్పారు.

"ఇచ్చింది ఇచ్చినట్టు అప్పగించావా, ఇక ప్రతి ఆదివారం కారు నీదే. ఏదైనా మారిందో, మళ్ళీ నా దగ్గర కారు పేరెత్తకు."

మామగారు రైల్వేలో సిగ్నళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ కారుని కడగడానికే తప్ప అల్లుణ్ణి ముట్టుకోనివ్వలేదు. అలాంటాయన నోట ఆదివారం మాట వచ్చేసరికి అల్లుడికి కాళ్ళు నేలమీద నిలవలేదు.

నిలవకపోబట్టే మూడో రోజుకల్లా డిక్కీలో ఊఫరు దిగింది. బియ్యం డబ్బా అంత స్పీకరు పెట్టె. పాట పెడితే అద్దాలు గడగడలాడాయి. పెట్టిన కుర్రాడు గంటన్నరలో పని ముగించి చేతులు దులుపుకున్నాడు. "తియ్యడం ఐదు నిమిషాల పని అన్నా. ఎప్పుడంటే అప్పుడు రా" అన్నాడు. ఆ ఐదు నిమిషాలూ కావలసిన రోజున వాడి ఫోను మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు.

మామగారి రైలు సాయంత్రం నాలుగింటికి. పొద్దున ఎనిమిదికే అల్లుడు కారు తెచ్చి ముసలి వైరింగు మేస్త్రీ షెడ్డులో పెట్టాడు. మేస్త్రీ డాష్‌బోర్డు విప్పి లోపలికి లైటు కొట్టి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. డాక్టరు అలా చూస్తూ ఊరుకుంటే రోగికి ఎలా ఉంటుందో అల్లుడికి అలా ఉంది.

"ఎవరు చేశారు బాబూ?"

"తెలిసినవాడే మేస్త్రీగారూ."

"మీకు తెలిసినవాడా, పని తెలిసినవాడా?"

లోపల రేడియో వెనక తీగలన్నిటినీ కలిపి ఉంచే కంపెనీ కనెక్టరు లేదు. కుర్రాడు దాన్ని కత్తిరించి ఎటో పారేశాడు. ఎర్ర తీగకి పచ్చ తీగ, పచ్చదానికి దొరికిన తీగ మెలిపెట్టి, పైన బ్యాండేజీ గుడ్డలా టేపు చుట్టాడు. ఒకచోట టేపు అయిపోయినట్టుంది, చూయింగ్ గమ్ము అంటించి ఉంది.

"మీకు ఎలా కావాలి?" అన్నాడు మేస్త్రీ.

"కంపెనీవాడు ఎలా ఇచ్చాడో అలా. చిన్న తీగ కూడా తేడా రాకూడదు. మా మామగారి కళ్ళు మామూలు కళ్ళు కావండీ."

మేస్త్రీ పాత కార్ల యార్డుకి వెళ్ళి, అదే రకం కారునుంచి కనెక్టరు కోసుకొచ్చాడు. కంపెనీవాడి తీగల పటం ముందు పరుచుకుని, రంగుకి రంగు చూసి, సాల్డరింగు పెట్టి, ప్లాస్టిక్ గొట్టం తొడిగి అది బిగుసుకునేలా వేడిచేసి, ఒక్కొక్కటే అతికాడు. ఊఫరుని దించి షెడ్డు మూలకి నెట్టి, బ్యాటరీనుంచి డిక్కీదాకా కుర్రాడు లాగిన లావుపాటి తీగని ఊడబెరికాడు. దానికోసం పొడిచిన రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టాడు. తర్వాత గోడ గడియారంలోంచి సెల్లు తీసి, ప్రతి స్పీకరు తీగలకీ తాకించి, లోపలి పొర ముందుకి ఉబుకుతోందా వెనక్కి పోతోందా అని వేలుపెట్టి చూశాడు. వెనక స్పీకర్లలో ఒకదాని పొర వెనక్కి పోయింది.

"ప్లస్సూ మైనస్సూ తిప్పి కలిపాడు. ఒకటి అరుస్తుంటే రెండోది మింగేసింది. మీరిన్నాళ్ళూ విన్నది సగమే."

"ఆ సగానికే పక్కింటాయన పోలీసుల్ని పిలుస్తానన్నాడండీ."

ఈలోగా భార్య ఫోను చేసింది. "నాన్న రైలెక్కారట. నీ డబ్బా దిగిందా, లేక నువ్వు కూడా దాంట్లోనే కాపురం పెడతావా?"

రెండున్నర దాటింది. మేస్త్రీ డ్రైవరు సీటు కింద తల దూర్చినవాడు అలాగే ఆగిపోయాడు.

"ఇక్కడ ఇంకో కోత ఉంది. రెండు తీగలు కోసి, ఒకదానికొకటి ముడేసి పెట్టారు. ఇవి పాటల తీగలు కావు బాబూ, సీటు బెల్టు బిగించే బకిల్‌లోకి పోతున్నాయి. ఇదీ మీవాడి పనేనా?"

అల్లుడు గడియారం చూస్తున్నాడు. "వాడిదే. ఇంకెవడిదవుతుంది? అన్నీ వాడివే."

"టేపు ఎండి పెళుసైపోయింది. నెలనాటి టేపులా లేదు."

"గమ్ము పెట్టి అతికినవాడు కొత్త టేపు కొంటాడా మేస్త్రీగారూ? కలిపెయ్యండి, రైలొచ్చేస్తోంది!"

మేస్త్రీ పటం చూసి ఆ రెండు తీగల్నీ కంపెనీ పద్ధతిలో అతికి, సీటు బిగించాడు.

స్టేషను బయట మామగారు సామాను దించకముందే కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. డిక్కీ తెరిచి వాసన చూశారు. చాప ఎత్తి చూశారు. రేడియో పెట్టి నాలుగు మూలలా చెవి ఆనించారు.

"ఊఁ" అన్నారు చివరికి. "ఫరవాలేదు. ఆదివారం గురించి ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

అల్లుడు లోలోపల ఎగిరి గంతేశాడు. అత్తగారు వెనక కూర్చున్నారు. మామగారు స్టీరింగు ముందు కూర్చుని, అలవాటుగా "బెల్టులు, బెల్టులు! ముందు బెల్టు, తర్వాతే బండి" అని కేకేశారు. అందరూ పెట్టుకున్నారు. ఆయనా బెల్టు లాగి, బొజ్జమీదుగా తెచ్చి, కొసని తొడకింద నొక్కిపెట్టుకున్నారు. కారు కదిలింది. పాతిక గజాలు వెళ్ళిందో లేదో, టింగ్, టింగ్, టింగ్.

"ఏమండీ, ఆ చప్పుడేమిటి?" అన్నారు అత్తగారు.

"ఏదో తలుపు పడినట్టు లేదు."

అన్ని తలుపులూ పడే ఉన్నాయి. టింగు టింగులు గొంతు పెంచాయి. మామగారు అల్లుడి వంక చూశారు. అల్లుడు మామగారి తొడకింది బెల్టు వంక చూశాడు. బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది; దాని నోరు నొక్కిన ఆ ఎండి పెళుసైన టేపు ఎవరిదో అప్పుడు తెలిసింది. ఆ తీగలు ఎవరు కలిపారని మామగారు అడగాలంటే, ఎవరు కోశారో ముందు చెప్పుకోవాలి. అడగలేదు. అల్లుడూ ఏమీ తెలియనట్టు రోడ్డు చూశాడు.

అత్తగారికి అలాంటి ఇబ్బందేమీ లేదు. ముందుకి వంగి చూశారు.

"బెల్టు తొడకిందా! ముప్ఫై ఏళ్ళు రైళ్ళకి ఎర్రదీపం చూపించినవారు, మీకు గంట కొడితే వినబడదా? ఇన్నాళ్ళూ ఇది కొట్టలేదేం?"

"అప్పట్లో... కంపెనీవాడు పెట్టలేదు."

"ఇవాళ మన రైల్లో వచ్చి పెట్టిపోయాడా? పెట్టుకోండి సరిగ్గా!"

మామగారు పెట్టుకోబోయారు. బకిల్ చేతికి అందింది గాని బెల్టు అందులో పడటానికి బొజ్జ ఒప్పుకోలేదు. ఊపిరి బిగించి మూడుసార్లు ప్రయత్నించి, కారు పక్కకి ఆపి దిగారు.

"అల్లుడూ, నువ్వు తోలు. నాకు ప్రయాణ బడలికగా ఉంది."

ఆ బడలిక మర్నాడూ తీరలేదు, ఆ మర్నాడూ తీరలేదు. మళ్ళీ తీగలు కోయిద్దామంటే అత్తగారు ప్రతి ప్రయాణంలోనూ చెవులు రిక్కించి కూర్చుంటున్నారు. సోమవారం పళ్ళ డాక్టరు, మంగళవారం కూరగాయలు, బుధవారం తమ్ముడి ఇంటికి టైల్సు ఏరడం. అల్లుడు ఆఫీసులో సెలవు చీటీలు రాసి రాసి అలిసిపోయాడు. పాట పెడితే వెనక సీట్లోంచి మామగారు "తగ్గించు" అంటారు.

ఆదివారం స్నేహితులు గుమ్మంలో నిలబడి పిలిచారు. అల్లుడు చెప్పులేసుకుంటుండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావు అల్లుడూ? క్షవరానికి వెళ్ళాలి, కారు తియ్యి."