పదకొండు డ్రమ్ములు

ముప్పై ఒక్కేళ్లు పురుగుమందుల డిపోలో స్టోర్ కీపర్‌గా చేసి రిటైరైన ఆ పెద్దమనిషికి మతిమరుపు అంటే ఏమిటో తెలియదు. ఏ బోల్టు ఏ అరలో ఉండేదో, ఏ లారీ డ్రైవరు ఏ సిగరెట్టు కాల్చేవాడో ఇప్పటికీ ఠక్కున చెప్పేస్తాడు. ఎప్పుడో పెళ్లయిన కొత్తలో అన్న మాటలు కూడా పొల్లుపోకుండా అప్పజెబుతాడని భార్య ఆయనతో వాదనకు దిగడమే మానేసింది.

ఒక ఆదివారం పొద్దున మేనకోడలు వచ్చింది. ఆమె పక్షుల డాక్టరు. వస్తూనే చెప్పులు ఒకవైపు, సంచీ ఒకవైపు విసిరేసి, దూదిలో చుట్టిన గుడ్డొకటి వంటింటి బల్ల మీద పెట్టింది.

"మావయ్యా, వేలితో మెల్లగా తాకు."

తాకాడు. పెంకు చప్పుడైనా చెయ్యకుండా లోపలికి కుంగిపోయింది.

"అయ్యయ్యో! నేనేం చెయ్యలేదే!"

"నీ తప్పేం లేదులే. తల్లి పొదగడానికి కూర్చున్నా ఇంతే. మీ పాత డిపో వెనకాల చెరువులో నీటికాకులు లేవూ, వాటి గుడ్డిది. ఈ ఏడు పంతొమ్మిది గూళ్లు కట్టాయి. ఒక్క పిల్ల లేదు."

"ఏం రోగమే వాటికి?" అంది అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచి.

"రోగం కాదత్తయ్యా, పురుగుమందు. అదీ ఇరవై ఎనిమిదేళ్ల కిందట నిషేధించిన తెల్లపొడి. బురదలోంచి పురుగుల్లోకి, పురుగుల్లోంచి చేపల్లోకి, చేపల్లోంచి వీటి ఒంట్లోకి. మెట్టు మెట్టుకీ చిక్కబడుతుంది. కొవ్వులో చేరిందంటే ఇక కదలదు, పెంకుకి సున్నం అందనివ్వదు. ఎవరో రైతు ఇంకా దొంగచాటుగా చల్లుతున్నాడని మా ఆఫీసులో అనుమానం. ఎల్లుండి నుంచి పొలాల మీద పడుతున్నాం. అవును మావయ్యా, డిపో మూసేసినప్పుడు మిగిలిన సరుకేం చేశారో గుర్తుందా?"

"గుర్తులేదు" అన్నాడాయన.

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. "మీకా? గుర్తులేదా?" అంటూ వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

గుర్తులేకేం! డిపో మూసే వారంలో మేనేజరు పిలిచి, "ఆ పొడి డ్రమ్ములు కనపడకుండా చెయ్యవయ్యా" అన్నాడు. ఈయన కనపడకుండా చేశాడు. చెరువు గట్టు పక్కన గొయ్యి తీయించి, పదకొండు డ్రమ్ములూ దింపించి, మట్టి కప్పించి, అడక్కపోయినా పైన గడ్డి కూడా నాటించాడు. పని అంటే ఇలా ఉండాలని మేనేజరు భుజం తట్టాడు. ఏళ్ల తరబడి ఈయన ఆ మాట తలుచుకుని మురిసిపోయాడు కూడా.

మర్నాడు 'ఊరికే చూద్దామని' మేనకోడలితో పడవెక్కాడు. చెరువు మధ్య దిబ్బ మీద చెట్ల నిండా గూళ్లే. అన్నిటికన్నా కిందున్న గూట్లో తల్లిపక్షి కాళ్ల కింద సొన కారుతోంది. అది వంగి చూసింది. పెంకు ముక్కల్ని ముక్కుతో దగ్గరికి లాక్కుని, రెక్కలు సర్దుకుని, మళ్లీ వాటి మీదే కూర్చుంది.

"ఎన్నాళ్లిలా కూర్చుంటుంది?" అన్నాడు.

"ఇక లాభం లేదని దానికి తెలిసేదాకా."

ఆయన పడవ అంచు పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. "అమ్మాయ్, రైతుల జోలికి వెళ్లకు. వాళ్లకేం తెలీదు పాపం. డ్రమ్ములు నేనే పూడ్పించా. డిపో గోడ మూల నుంచి నా నడకలో నలభై రెండడుగులు."

తెడ్డు ఆగింది. "నిన్న గుర్తులేదన్నావ్?"

"అబద్ధమాడా."

"ఎందుకు మావయ్యా?"

"మా మావయ్యంత జాగ్రత్త మనిషి లేడని చిన్నప్పట్నుంచీ చెప్పుకు తిరుగుతావుగా. అందుకు."

గట్టు చేరేదాకా ఆమె ఆయన వైపు చూడకుండా తెడ్డు వేసింది. దిగాక మాత్రం చెయ్యి అందించింది.

రెండు రోజులకు ఆఫీసువాళ్లు ముసుగులు తొడుక్కుని, ఇనుమును పసిగట్టే యంత్రం పట్టుకుని వచ్చారు. ఆయన దర్జాగా నలభై రెండడుగులు వేసి "ఇక్కడే" అన్నాడు. యంత్రం ఉలకలేదు, పలకలేదు.

"అప్పుడు నీ వయసెంత మావయ్యా?" అంది మేనకోడలు.

వయసుతో పాటు అడుగు కురచైన సంగతి ఆయనకు తట్టనేలేదు. ఇంకో ఏడడుగులు ముందుకు నడిస్తే యంత్రం కీచుమంది.

డ్రమ్ములు తుప్పుపట్టి జల్లెడలై పైకొచ్చాయి. పొడి సగానికి సగం ఎప్పుడో చెరువులోకి జారిపోయింది. ఆయన మూడుసార్లు వాంగ్మూలం ఇచ్చి, పెట్టిన చీవాట్లన్నీ తలొంచుకుని తిన్నాడు. చెరువులో చేపలు పట్టకూడదని బోర్డు వెలిసింది. దాంతో గాలం వేసుకుని బతికే పొరుగింటాయన ఈయన ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. అదీ న్యాయమే అనుకున్నాడు. ఊరికే కూర్చోలేక, మిగతా డిపోల పాత స్టోర్ కీపర్లందరికీ ఫోన్లు చేశాడు. "ఒరేయ్, మీరెక్కడ పూడ్చారు?" కొందరు ఠపీమని పెట్టేశారు. ముగ్గురు మాత్రం కాసేపు నసిగి చెప్పారు. ఇంకో మూడు గోతులు బయటపడ్డాయి.

బురదలో దిగిన విషం మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. మరుసటి ఏడూ గుడ్లు పగిలాయి, ఆ పై ఏడూ పగిలాయి. నాలుగో ఏడు ఆరు గూళ్లలో పిల్లలు బయటికొచ్చాయి.

తూకం వేయడానికి ఒకదాన్ని తీసి మేనకోడలు ఆయన చేతుల్లో పెట్టింది. ఈకైనా మొలవని నల్లటి శాల్తీ. ముద్దొచ్చి మొహం దగ్గరికి తీసుకున్నాడో లేదో, అది మెడ సాచి, అరిగీ అరగని చేపను ఆయన ఇస్త్రీ చొక్కా నిండా భళ్లున కక్కేసింది.

"కదలకు మావయ్యా, కదలకు! భలే శాంపిల్!" అంటూ ఆమె సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

ఆమె చేప ముక్కల్ని ఒక్కొక్కటే ఎత్తుతుంటే, ఆయన ఆ కంపుకు ముక్కు ముడుచుకుని, పిల్లను పదిలంగా పట్టుకుని, నవ్వాపుకుంటూ కొయ్యలా నిలబడ్డాడు.